పేరు లేని శవానికి పద్దు లేదు

2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో ఒక బిల్లును ఉపసంహరించుకున్నది. అది డీఎన్‌ఏ సాంకేతికత నియంత్రణ బిల్లు, 2019. మణిపుర్ హింస మీద సభ అట్టుడుకుతున్న రోజులవి. ఈ ఉపసంహరణను పట్టించుకున్నవారు తక్కువ. అంతకు ఏడెనిమిది వారాల ముందే, జూన్ 2న, ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్ దగ్గర మూడు రైళ్లు ఢీకొని 296 మంది మరణించారు. ముఖం ఆనవాలు పట్టలేని స్థితిలో ఉన్న శవాలకోసం ఒకటికంటే ఎక్కువ కుటుంబాలు ముందుకు వచ్చాయి. డీఎన్‌ఏ పరీక్షలు జరిగాయి, చాలామంది ఇళ్లకు చేరారు. ఎవరికీ సరిపోలని 28 శవాలు మాత్రం భువనేశ్వర్ ఎయిమ్స్‌లో మిగిలిపోయాయి. ఢిల్లీలో బిల్లు వెనక్కి వెళ్లిన రోజున అవి ఇంకా శీతల పెట్టెల్లోనే ఉన్నాయి. అక్టోబరులో భువనేశ్వర్ నగరపాలక సంస్థ వాటికి దహన సంస్కారాలు జరిపింది.

ఆ 28 మందికీ ఎక్కడో ఇళ్లున్నాయి. వారికోసం ఏదో ఒక ఊళ్లో ఎవరో ఎదురుచూస్తూ ఉండి ఉంటారు. శవం ఒక రాష్ట్రంలో, ఫిర్యాదు మరొక రాష్ట్రంలో ఉన్నప్పుడు ఆ రెంటినీ కలిపే వ్యవస్థ దేశంలో లేదు. విజ్ఞానం లేక కాదు. ఆ విజ్ఞానం హైదరాబాదులో పుట్టి మూడున్నర దశాబ్దాలు దాటింది. దానిని ఎవరికోసం వాడాలి, ఎవరి పేరిట డబ్బు కేటాయించాలి అన్న నిర్ణయంలోనే లోపమున్నది. ఆ లోపానికి ఒక చరిత్ర ఉన్నది.

1984లో బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని కనిపెట్టారు. నాలుగేళ్లు తిరగకముందే హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ స్వదేశీ పద్ధతిని సిద్ధం చేశారు. కట్లపాముల్లో లింగనిర్ధారణ మీద ఆయన చేసిన పూర్వ పరిశోధనే దానికి మూలం. 1989లో కేరళలోని తలశ్శేరి న్యాయస్థానంలో ఒక పితృత్వ వివాదాన్ని ఈ పరీక్ష తేల్చింది. 1991లో శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య తరువాత మానవబాంబు శరీర భాగాలను పరీక్షించినది కూడా ఇక్కడి శాస్త్రజ్ఞులే. ఆ పనికోసమే తరువాత హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక కేంద్రం వెలిసింది. బిడ్డకు తండ్రి ఎవరు, నేరస్థుడు ఎవరు అన్న రెండు ప్రశ్నల చుట్టూ భారతదేశంలో డీఎన్‌ఏ పరీక్షకు పేరు వచ్చింది. ఈ శవం ఎవరిది అన్న మూడవ ప్రశ్న పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడే వినిపించేది.

పరీక్ష ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ మూడవ ప్రశ్నకు విడిగా ఏర్పాటు ఎందుకు కావాలో అర్థమవుతుంది. మనిషి డీఎన్‌ఏలో కొన్ని స్థానాల్లో చిన్న అక్షరక్రమాలు వరుసగా పునరావృతమవుతాయి. ఎన్నిసార్లు అన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ప్రతి స్థానంలోనూ ఒక సంఖ్య తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తుంది. అందువల్ల తల్లిదండ్రుల నమూనాలో బిడ్డను పోల్చుకోవడం తేలిక. అన్నదమ్ముల నమూనాతో అంత నిశ్చయం రాదు. ఎముకలు పాడైపోయినప్పుడు తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏను ఆశ్రయిస్తారు. అది తల్లి సంతతి వారందరిలోనూ ఒకటే కాబట్టి వంశాన్ని చెబుతుంది గాని వ్యక్తిని చెప్పదు. అన్నింటికంటే ముఖ్యమైనది, శవంలోని డీఎన్‌ఏ తనంత తానుగా ఏ పేరూ చెప్పదు. ఎదురుగా బంధువుల నమూనా ఉండాలి.

ప్రమాదాల్లో ఇది రెండు రకాలుగా పరిణమిస్తుంది. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది మరణించారు. శవాలు బొగ్గయిపోయినా ప్రయాణికులెవరో చాలావరకు తెలుసు. బంధువులు హైదరాబాదు వచ్చారు, రక్తం ఇచ్చారు, నమూనాలు పోల్చి శవాలను అప్పగించారు. 2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలి 260 మంది మరణించినప్పుడు గుర్తింపు ఆ నెలాఖరులోపే పూర్తయింది. బ్రిటన్‌కు పంపిన అవశేషాల్లో పొరపాట్లు జరిగాయని కొన్ని కుటుంబాలు తరువాత ఆరోపించినా, అంత తక్కువ వ్యవధిలో అంతమందిని గుర్తించడం చిన్న విషయం కాదు. ఈ సందర్భాల్లో జాబితా ముందే ఉన్నది. వందల శవాలను వందల కుటుంబాలతో పోల్చితే చాలు.

జాబితా లేని చోట ఆ సామర్థ్యమే నిస్సహాయమవుతుంది. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల్లో వేలమంది కొట్టుకుపోయారు. వారిలో తెలుగు యాత్రికులూ ఉన్నారు. దొరికిన శవాల నమూనాలు హైదరాబాదు సీడీఎఫ్‌డీకి చేరాయి. ఎదుట పోల్చడానికి తగినన్ని కుటుంబాల నమూనాలు రాలేదు. తమవాళ్లు ఆ రోజు అక్కడే ఉన్నారో లేదో కూడా చాలామందికి నిశ్చయంగా తెలియదు. ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ కొండల్లో అస్థిపంజరాలు బయటపడుతూనే వచ్చాయి.

విపత్తుల మాట అటుంచితే, ప్రతి జిల్లా ఆసుపత్రి మార్చురీలోనూ రోజూ జరిగేది ఇదే. రైలు పట్టాల మీద, బస్టాండులో, కాలువ గట్టున ఒక శవం దొరుకుతుంది. పోలీసులు అసహజ మరణంగా కేసు నమోదు చేసి శవపంచనామా జరుపుతారు. ఎత్తు, రంగు, చొక్కా, పచ్చబొట్టు వివరాలతో పత్రికలో ఒక చిన్న ప్రకటన వస్తుంది. సాధారణంగా మూడు రోజులు చూసి, ఎవరూ రాకపోతే దహనమో ఖననమో చేస్తారు. కొన్నిటిని శరీరశాస్త్ర చట్టాల కింద వైద్య కళాశాలలకు ఇస్తారు. విజయవాడలో దొరికిన శవం బీహారు కూలీది అయితే, బీహారులోని పోలీసు స్టేషనులో అతని తల్లి ఇచ్చిన ఫిర్యాదు ఈ పంచనామాను ఎన్నటికీ కలుసుకోదు. ఇలాంటి శవాలు దేశంలో ఏటా పదుల వేలు. వీరిలో అత్యధికులు వలసకూలీలు, బిచ్చగాళ్లు, మతిస్థిమితం తప్పి ఇల్లు విడిచినవారు, అమ్ముడుపోయిన ఆడవాళ్లు.

గుర్తు తెలియకపోవడం కుటుంబానికి కేవలం దుఃఖం కాదు. మరణ ధ్రువపత్రం లేకపోతే బీమా లేదు, వితంతు పింఛను లేదు, భూమి పట్టా మారదు. ఏడేళ్లపాటు జాడ తెలియని వ్యక్తి మరణించినట్లు భావించే సూత్రం 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ ఉన్నది, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉన్నది. కొడుకు శవాన్ని పక్క రాష్ట్రంలో మూడు రోజుల్లో తగలబెట్టిన రాజ్యమే, అతడు చనిపోయాడని నమ్మడానికి అతని భార్యను ఏడేళ్లు ఆగమంటుంది.

రాజ్యానికి తెలుసుకోవాలన్న ఇచ్ఛ లేనిచోట ఏమవుతుందో కాశ్మీరు చూపింది. 2000 మార్చిలో ఛత్తీసింగ్‌పురాలో సిక్కుల ఊచకోత జరిగిన కొద్దిరోజులకే, దానికి కారకులైన విదేశీ తీవ్రవాదులంటూ పథ్రిబల్‌లో ఐదుగురిని భద్రతా బలగాలు కాల్చి చంపాయి. వారు తమవాళ్లేనని స్థానిక కుటుంబాలు ఆందోళన చేశాక శవాలను వెలికితీసి, నమూనాలను హైదరాబాదుకు, కలకత్తాకు పంపారు. స్త్రీ బంధువుల పేరిట వచ్చిన రక్తంలో కొన్ని నమూనాలు పురుషులవని ప్రయోగశాలలు పసిగట్టాయి. నమూనాలను మార్చిన సంగతి 2002లో బయటపడింది. మళ్లీ సేకరించిన నమూనాలతో ఆ ఐదుగురూ స్థానిక పౌరులేనని రుజువైంది. సీబీఐ 2006లో ఐదుగురు సైనికాధికారుల మీద అభియోగపత్రం వేసింది. సుప్రీంకోర్టు 2012లో ఎంపికను సైన్యానికే వదిలిపెట్టగా, సాక్ష్యాలు చాలవంటూ సైన్యం 2014లో కేసు మూసివేసింది. ఆ కథలో ప్రయోగశాల నిజమే చెప్పింది. అబద్ధం నమూనా తీసిన చేతుల్లో ఉన్నది.

2011లో జమ్మూ కాశ్మీరు రాష్ట్ర మానవ హక్కుల సంఘం విచారణలో ఉత్తర కాశ్మీరులోని 38 చోట్ల గుర్తులేని సమాధుల్లో 2,730 శవాలు ఉన్నట్లు తేలింది. వాటిలో 574 స్థానికులవని గుర్తించారు. మిగిలిన 2,156 ఎవరివో తెలియదు. డీఎన్‌ఏ పరీక్షలు జరిపించాలని సంఘం సిఫారసు చేసింది. అన్ని సమాధులకూ పరీక్షలు సాధ్యం కావని రాష్ట్ర ప్రభుత్వం మరుసటి ఏడు చేతులెత్తేసింది. తమవారు ఏ సమాధిలో ఉన్నారో కుటుంబాలే చూపాలన్నది. దేశంలో ప్రయోగశాలలు తక్కువన్నది కూడా చెప్పిన కారణాల్లో ఒకటి. ఏ సమాధో తెలిస్తే పరీక్షే అవసరం లేదు. భర్త బతికి ఉన్నాడో లేడో తెలియని అక్కడి అర్ధవితంతువులకు ఈ జవాబు ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇంత అవసరమున్న చోట చట్టం ఎందుకు రాలేదు? ప్రయత్నాలు జరగకపోలేదు. 2003లో బయోటెక్నాలజీ విభాగం సలహా సంఘం వేసింది. 2007లో, 2012లో, 2015లో ముసాయిదాలు వచ్చాయి. గుర్తు తెలియని శవాలకు డీఎన్‌ఏ నమోదు తప్పనిసరి చేయాలంటూ లోక్‌నీతి ఫౌండేషన్ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2017లో న్యాయ కమిషన్ తన 271వ నివేదికలో కొత్త ముసాయిదా ఇచ్చింది. బిల్లు తెస్తున్నామని ప్రభుత్వం చెప్పడంతో 2018లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ముగించింది. 2019 జనవరిలో లోక్‌సభ బిల్లును ఆమోదించింది. ఆ సభ కాలం ముగియడంతో అది మురిగిపోయింది. అదే ఏడు జూలైలో మళ్లీ ప్రవేశపెట్టి స్థాయీ సంఘానికి పంపారు.

ఈ బిల్లులన్నింటిలో ఒకే పొరపాటు కనిపిస్తుంది. డీఎన్‌ఏ నిధిలో ఐదు సూచికలు ఉంటాయని 2019 బిల్లు చెప్పింది. నేరస్థలం, అనుమానితులు లేదా విచారణ ఖైదీలు, శిక్షపడిన నేరస్థులు, తప్పిపోయినవారు, గుర్తు తెలియని మృతులు. మొదటి మూడూ నేరానివి, చివరి రెండూ మానవీయమైనవి. ప్రజలను ఒప్పించడానికి చివరి రెంటినీ ముందు పెట్టారు. అభ్యంతరాలన్నీ మొదటి మూడింటి మీద వచ్చాయి. ఆ అభ్యంతరాలు గాలివాటువి కావు. 2017 ఆగస్టులో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిర్ధారించింది. నేరస్థలంలో దొరికే వెంట్రుక అక్కడికి వచ్చిపోయిన ఎవరిదైనా కావచ్చు, దానిని శాశ్వతంగా దాచడం ఏ న్యాయమని జైరాం రమేశ్ అధ్యక్షతన పనిచేసిన స్థాయీ సంఘం 2021 నాటి నివేదికలో ప్రశ్నించింది. మతం, కులం, రాజకీయ అభిప్రాయాల ఆధారంగా ఈ సమాచారాన్ని దుర్వినియోగం చేస్తారన్న భయాన్నీ నమోదు చేసింది. హైదరాబాదు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, సీపీఐ సభ్యుడు బినయ్ విశ్వం భిన్నాభిప్రాయ పత్రాలు సమర్పించారు. జైళ్లలో ఎవరి వాటా ఎంతో తెలిసిన దేశంలో ఆ భయానికి ఆధారముంది.

తరువాత జరిగినది విచిత్రం. 2022 ఏప్రిల్‌లో పార్లమెంటు క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టాన్ని ఆమోదించింది. శిక్షపడినవారు, అరెస్టయినవారు, నిర్బంధంలో ఉన్నవారి కొలతలతోపాటు జీవ నమూనాలను, వాటి విశ్లేషణను సేకరించే అధికారం దానితో వచ్చింది. ఆ వివరాలను జాతీయ నేర నమోదుల సంస్థ 75 ఏళ్లు భద్రపరచవచ్చు. గోప్యత మీద అభ్యంతరాలు దానిని ఆపలేకపోయాయి. ఆ చట్టం వచ్చేసింది కాబట్టి డీఎన్‌ఏ బిల్లు అక్కర్లేదని మరుసటి ఏడు ప్రభుత్వం దానిని ఉపసంహరించుకున్నది. నేరం వైపున్న సగం మరొక దారిలో చట్టమైంది. తప్పిపోయినవారు, పేరులేని మృతులు ఉన్న సగం ఎవరికీ పట్టకుండా జారిపోయింది. అరెస్టయిన మనిషి వివరాలకు 75 ఏళ్లు, గుర్తు తెలియని శవానికి మూడు రోజులు.

డబ్బు కూడా ఆ దారినే నడిచింది. లైంగిక నేరాల దర్యాప్తుకోసం నిర్భయ నిధి నుంచి డీఎన్‌ఏ ప్రయోగశాలలు బలపడ్డాయి. చండీగఢ్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలో 2019లో కొత్త విభాగం మొదలైంది. అది అవసరమే. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు 2,254.43 కోట్ల రూపాయలతో ఫోరెన్సిక్ మౌలిక వసతుల పథకాన్ని ఆమోదించింది. ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ పరిశీలనను కొత్త క్రిమినల్ చట్టాలు తప్పనిసరి చేయడం దానికి కారణం. అదీ అవసరమే. ఈ లెక్కల్లో డబ్బు విచారణను వెంబడిస్తుంది. నిందితుడు లేని మరణానికి విచారణ లేదు, విచారణ లేనిచోట పద్దు లేదు. ఒక జిల్లా మార్చురీలో దంతమో ఎముక ముక్కో తీసి భద్రపరచి, పరీక్షించి, ఫలితాన్ని దేశమంతటితో పోల్చే ఖర్చు ఎవరిదని అడిగితే, పోలీసు శాఖ ఆసుపత్రిని, ఆసుపత్రి పోలీసు శాఖను చూపుతాయి.

ఇతర దేశాలు ఈ ముడిని వేరుగా విప్పాయి. సైనిక పాలనలో మాయమైన వారి పిల్లలను వెతుకుతూ అర్జెంటీనా నాయనమ్మలు, అమ్మమ్మలు ఉద్యమించారు. వారి ఒత్తిడితో ఆ దేశం 1987లో చట్టం ద్వారా ప్రజాధనంతో జాతీయ జన్యు సమాచార నిధిని స్థాపించింది. తల్లిదండ్రులు చనిపోయినప్పుడు అవ్వాతాతల రక్తంతో మనవళ్లను పోల్చే గణితాన్ని అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ అందించారు. బోస్నియాలో బంధువుల రక్తాన్ని ముందుగా సేకరించి, చెదిరిపోయిన సమాధుల్లోని ఎముకలను దానితో పోల్చడంతో స్రెబ్రెనికా మృతుల్లో అత్యధికులకు పేర్లు దక్కాయి. రెండు చోట్లా మొదటి మెట్టు బంధువుల రక్తమే.

పొరుగునున్న బంగ్లాదేశ్ అనుభవం మనకు మరింత దగ్గర. ఢాకా వైద్య కళాశాలలో డెన్మార్క్ సాయంతో 2006 నుంచే డీఎన్‌ఏ ప్రయోగశాల ఉన్నది. మహిళలపై హింస కేసులకోసం దానిని పెట్టారు. 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,134 మంది మరణించినప్పుడు గుర్తు తెలియని దాదాపు 300 మందిని జురైన్ శ్మశానంలో అంకెలతో పాతిపెట్టారు. నమూనాలు తీసినా, అన్ని శవాలను అన్ని కుటుంబాలతో పోల్చే సాఫ్ట్‌వేరు లేదు. అమెరికా ఎఫ్‌బీఐ నుంచి అది వచ్చాకే పని కదిలింది. గుర్తింపు తేలేదాకా చాలా కుటుంబాలకు పరిహారమూ అందలేదు. మరుసటి ఏడే బంగ్లాదేశ్ డీఎన్‌ఏ చట్టం చేసింది.

భారతదేశానికి అన్నింటికంటే పనికొచ్చే ఉదాహరణ కెనడా. తప్పిపోయిన కూతురికోసం ఒక తల్లి ఏళ్ల తరబడి సాగించిన పోరాటం ఫలితంగా అక్కడి ప్రభుత్వం 2014 బడ్జెట్టులోనే ఈ పనికి ఐదేళ్లకు 81 లక్షల డాలర్లు ప్రకటించింది. చట్టాన్ని సవరించి 2018లో కార్యక్రమం మొదలుపెట్టింది. తప్పిపోయినవారికి, వారి బంధువులకు, మానవ అవశేషాలకు వేరు వేరు సూచికలు ఉన్నాయి. బంధువులు ఇచ్చిన డీఎన్‌ఏను నేర సూచికలతో పోల్చడాన్ని చట్టం నిషేధించింది. కూతురిని వెతకడానికి రక్తం ఇచ్చిన తల్లి, కొడుకును పోలీసులకు పట్టించినదాన్నవుతానేమోనని భయపడనక్కరలేదు. ఆ గోడ లేనిచోట దళితవాడలోని తల్లిగాని, పాతబస్తీలోని తండ్రిగాని, కుప్వారాలోని భార్యగాని నమూనా ఇవ్వడానికి ముందుకు రారు. వారు రాకపోతే శవాల నమూనాలు ఎన్ని దాచినా ప్రయోజనం లేదు. గోప్యతను ఈ నిధికి అడ్డంకిగా చూసేవారు గమనించవలసినది ఇదే. గోప్యతకు హామీ లేకుండా నిధికి నమూనాలే రావు.

కాబట్టి ప్రభుత్వాల ముందున్న పని 2019 బిల్లును తిరిగి తీసుకురావడం కాదు. దానిలోని చివరి రెండు సూచికలకు విడిగా ఒక చిన్న చట్టం కావాలి. గుర్తు తెలియని శవాన్ని దహనం చేసేముందు నమూనా తీయడం విధిగా ఉండాలి. సేకరణ, భద్రత పోలీసుల చేతిలో గాక వైద్యశాఖ చేతిలో, బయటి పర్యవేక్షణలో ఉండాలి. పథ్రిబల్ నేర్పినది అదే. కేంద్ర బడ్జెట్టులో దానికంటూ ఒక పద్దు ఉండాలి. డీఎన్‌ఏ అన్ని సమస్యలకూ జవాబు కాదన్నదీ నిజమే. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో రసాయన కర్మాగారం పేలినప్పుడు 46 మంది మృతదేహాలను గుర్తించారు. మరో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు. బూడిదలో విజ్ఞానానికి దొరికేది ఏమీ ఉండదు. అయితే ఏటా మార్చురీల నుంచి శ్మశానాలకు వెళ్తున్న పదుల వేల శవాలు బూడిద కాకముందు మన చేతుల్లోనే ఉంటున్నాయి.

ఏ పార్టీ సభ్యుడైనా రాబోయే బడ్జెట్ సమావేశాల్లో హోంశాఖను, ఆరోగ్యశాఖను అడగదగిన ప్రశ్న ఒకటున్నది. గడచిన ఏడాది దహనం చేసిన గుర్తు తెలియని శవాల్లో ఎన్నింటి నుంచి నమూనా తీసి దాచారు, దానికి ఎంత ఖర్చుపెట్టారు? ఆ ప్రశ్నకు రెండు అంకెలు జవాబుగా వచ్చిన రోజు నుంచి ఈ చర్చ మొదలవుతుంది.